తాళం వేసిన ఎక్సెల్ షీట్లతో నక్షత్రాల లెక్కలు నేర్పకండి: నౌకా శిక్షణ సంస్థలకు, పరీక్షల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మర్చంట్ నేవీ శిక్షణ సంస్థలు నడిపేవారికి, సెలెస్టియల్ నావిగేషన్ (సూర్యుణ్ణీ, నక్షత్రాల్నీ చూసి ఓడ ఎక్కడుందో లెక్కగట్టడం) పాఠం చెప్పే కెప్టెన్లకు, సిలబస్, పరీక్షలు చూసే అధికారులకు నమస్కారం. నేను ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి ఓడల్లో డెక్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నవాణ్ణి. ఒక శిక్షణ సంస్థ తన క్యాడెట్లకు పంచిన ఎక్సెల్ షీట్‌లో తప్పుందని, ఏ సెల్‌లో ఉందో కూడా చూపించి, వాళ్ళకి ఈమెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. చివరికి ఫోన్ చేస్తే, "అది రిఫరెన్స్ కోసం ఇచ్చిందేనండీ, పరీక్షలో ఎలాగూ చేత్తోనే చేయాలి కదా" అని పెట్టేశారు. ఆ షీట్ ఇంకా పిల్లల పెన్‌డ్రైవుల్లో తిరుగుతూనే ఉంది, ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి, ఒక ఓడ నుంచి ఇంకో ఓడకి. ఆ సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి షీట్లు నేను వేరే చోట్ల నుంచి వచ్చిన కుర్రాళ్ళ దగ్గర కూడా చూశాను కాబట్టి ఇది అందరికీ రాయాల్సిన ఉత్తరం అనిపించింది.

ముందే ఒక మాట. నేను కంప్యూటర్ వద్దనేవాణ్ణి కాదు. లాగ్ టేబుల్స్ పట్టుకుని గంటసేపు కుస్తీ పడితేనే నావికుడు అనే వాదన నాకు నచ్చదు. నావికుల శిక్షణకి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూకి 2010లో చేసిన మనీలా సవరణల్లోనే ఎలక్ట్రానిక్ ఆల్మనాక్ (సూర్యుడు, నక్షత్రాల స్థానాలిచ్చే పట్టిక), లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ శిక్షణలో వాడొచ్చని ఉంది. బ్రిటన్ నాటికల్ ఆల్మనాక్ ఆఫీసు నావ్‌ప్యాక్ అనే సాఫ్ట్‌వేర్ తనే తయారుచేసి ఇస్తుంది. అమెరికా నేవీకి వాళ్ళ నావల్ అబ్జర్వేటరీ చేసిన స్టెల్లా ఉంది. ఆల్మనాక్ లెక్కగట్టేవాళ్ళే ఆ సాఫ్ట్‌వేర్ కూడా చేశారు, అందులో తప్పొస్తే అడగడానికి ఒక ఆఫీసు, ఒక బాధ్యత ఉన్నాయి. మన పిల్లల చేతిలో ఉన్న షీట్‌కి ఏముంది? ఎవరు చేశారో తెలీదు, ఎప్పుడు చేశారో తెలీదు, ఫార్ములాలు కనపడకుండా పాస్‌వర్డ్ పెట్టి ఉంటుంది.

"జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకు" అనేవాళ్ళ కోసం రెండు ముక్కలు. 2017 జూన్‌లో నల్లసముద్రంలో నోవోరోసిస్క్ దగ్గర ఇరవైకి పైగా ఓడల జీపీఎస్ తాము సముద్రంలో కాక ఒడ్డున విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించింది. ఈ మధ్య హోర్ముజ్ దగ్గర, ఎర్రసముద్రంలో సిగ్నల్ చెడగొట్టడం ఎంత మామూలైపోయిందో ఆ దారిన వెళ్ళే మన తెలుగు కుర్రాళ్ళని ఎవర్ని అడిగినా చెబుతారు. అమెరికా నేవీ ఒకప్పుడు ఆపేసిన సెలెస్టియల్ పాఠాల్ని 2015లో తమ అకాడమీలో మళ్ళీ మొదలుపెట్టింది. తీరం దగ్గర రాడార్ ఉంటుంది, లైట్‌హౌస్ ఉంటుంది. నడి సముద్రంలో జీపీఎస్ మీద అనుమానం వస్తే మిగిలేది సెక్స్‌టెంట్, క్రోనోమీటర్ (కచ్చితమైన గడియారం), ఆ లెక్క. ఆ లెక్కే తప్పయితే ఇంక దేన్ని పట్టుకుని నిలబడాలి?

ఓడల సంగతి తెలియని పాఠకుల కోసం ఆ లెక్క ఏమిటో చెబుతాను. సెక్స్‌టెంట్‌తో సూర్యుడో నక్షత్రమో క్షితిజం నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలుస్తాం. దానికి డిప్ (మన కన్ను నీటికి ఎంత ఎత్తులో ఉందో దాన్ని బట్టి), రిఫ్రాక్షన్ (గాలిలో వెలుగు వంగడం) లాంటి సవరణలు చేస్తాం. ఆ సెకనుకి ఆ నక్షత్రం భూమ్మీద ఏ చోటుకి సరిగ్గా నడినెత్తిన ఉందో ఆల్మనాక్ చెబుతుంది. మనం ఫలానా చోట ఉన్నామనుకుని, అక్కణ్ణుంచి అది ఎంత ఎత్తులో, ఏ దిక్కున కనపడాలో లెక్కగట్టి, కొలిచిన ఎత్తుతో పోలుస్తాం. ఆ తేడానే ఇంటర్‌సెప్ట్ అంటాం. అందులో ఒక్కో నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) ఒక్కో నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. ఫ్రెంచి నౌకాదళ అధికారి మార్క్ సెంట్ హిలేర్ 1870లలో చూపించిన దారే ఇది, ఇప్పటికీ మారలేదు. మొత్తం కలిపి నాలుగైదు సైన్లు, కొసైన్లు. ఎక్సెల్‌కి ఇది పనే కాదు. అందుకే తప్పు కూడా అంతే తేలిగ్గా దూరిపోతుంది, బయటికి మాత్రం రెండు దశాంశ స్థానాల దాకా శుభ్రంగా కనపడుతుంది.

ఇప్పుడు నేను చూసిన తప్పులు.

1. సున్నా డిగ్రీల దగ్గర గుర్తు పోవడం. నేను ఈమెయిల్ పెట్టింది దీని గురించే. 2024 సెప్టెంబరు 23న మేం బంగాళాఖాతంలో ఉన్నాం. మా క్యాడెట్ మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు తీశాడు, చక్కగా తీశాడు. సవరణలన్నీ అయ్యాక 73 డిగ్రీల 10 నిమిషాలు. 90లోంచి తీసేస్తే 16 డిగ్రీల 50 నిమిషాలు. ముందు రోజే విషువత్తు (పగలు, రాత్రి సమానమయ్యే రోజు) దాటింది కాబట్టి సూర్యుడి డెక్లినేషన్, అంటే భూమధ్యరేఖకి ఎంత ఉత్తరాన లేక దక్షిణాన ఉన్నాడనేది, దక్షిణం 0 డిగ్రీల 17 నిమిషాలు. తీసేస్తే అక్షాంశం 16 డిగ్రీల 33 నిమిషాలు ఉత్తరం. వాడి షీట్ 17 డిగ్రీల 7 నిమిషాలు అంది. కాకినాడ 16 డిగ్రీల 56 నిమిషాల దగ్గర ఉంటుంది. కాకినాడకి దక్షిణాన ఉన్న ఓడని షీట్ కాకినాడ దాటించి ఉత్తరాన పెట్టింది, 34 మైళ్ళ తేడా.

ఎందుకంటే ఆ షీట్‌లో డిగ్రీలకి ఒక సెల్, నిమిషాలకి ఇంకో సెల్. దక్షిణమైతే డిగ్రీల ముందు మైనస్ పెట్టమన్నారు. మైనస్ 5 అంటే ఎక్సెల్‌కి అర్థమవుతుంది. మైనస్ సున్నా అని కొడితే అది ఉత్త సున్నాగానే ఉంచుకుంటుంది. గుర్తు పోయింది, దక్షిణం 17 కాస్తా ఉత్తరం 17 అయింది, తేడా రెండింతలైంది. ఏడాదిలో మార్చిలో రెండు మూడు రోజులు, సెప్టెంబరులో రెండు మూడు రోజులు తప్ప ఈ తప్పు సూర్యుడి డెక్లినేషన్‌లో బయటపడదు. మిగతా రోజులన్నీ షీట్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అదే అసలు ప్రమాదం. అక్షాంశం సెల్‌లో అయితే భూమధ్యరేఖ దాటే ప్రతి ఓడకీ ఇది ఎదురవుతుంది.

నన్ను బాధపెట్టింది 34 మైళ్ళు కాదు, జీపీఎస్ పనిచేస్తోంది కాబట్టి ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కుర్రాడు షీట్‌ని అనుమానించలేదు. తన కన్నుని అనుమానించాడు. సెక్స్‌టెంట్ ఇండెక్స్ ఎర్రర్ మళ్ళీ చూశాడు, టెలిస్కోప్ తుడిచాడు, "సార్, నాకు హొరైజన్ సరిగ్గా దొరకలేదేమో" అన్నాడు. మూడు అంకెల తీసివేత చేతకాక కాదు, కాలేజీ ఇచ్చిన షీట్ తప్పు చెబుతుందని వాడికి ఊహకి కూడా అందలేదు. మీరు నేర్పిన గౌరవం అది. దానికి తగ్గ బాధ్యత మీరు తీసుకోవాలి.

2. దిక్కు తప్పడం. అజిముత్ (నక్షత్రం కనపడే దిక్కు) కోసం చాలామంది ఎటాన్2 ఫంక్షన్ వాడతారు. పైథాన్‌లో, మిగతా చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో దానికి ముందు వై, తర్వాత ఎక్స్ ఇవ్వాలి. ఎక్సెల్‌లో ముందు ఎక్స్, తర్వాత వై. ఎవరో పైథాన్ ఫార్ములా చూసి ఎక్సెల్‌లో దించితే వచ్చే దిక్కు 90లోంచి అసలు దిక్కు తీసేసినంత. అసలు దిక్కు 045 అయితే ఇది కూడా 045 అనే చెబుతుంది, సరిపోయిందని షీట్ పాస్ చేసేస్తారు. అసలు 120 అయితే 330 వస్తుంది. చార్టు మీద ఓడ ఉండే గీత ఎటో గీస్తారు. కొసైన్ తిరగేసి దిక్కు పట్టే షీట్లలో ఇంకో గొడవ: జవాబు 0 నుంచి 180 లోపే వస్తుంది, ఎల్‌హెచ్‌ఏ (మన రేఖాంశం నుంచి పడమటికి నక్షత్రం ఎన్ని డిగ్రీల్లో ఉందో ఆ కోణం) 180 కంటే తక్కువైతే 360లోంచి తీసేయాలి, ఆ ఒక్క షరతు మర్చిపోతే పడమటి నక్షత్రాలన్నీ తూర్పుకి వెళ్ళిపోతాయి. డిగ్రీల్ని రేడియన్లకి మార్చడం మర్చిపోతే జవాబు మరీ పిచ్చిగా వస్తుంది కాబట్టి అది వెంటనే దొరుకుతుంది. నాకు దొరకని తప్పులంటేనే భయం.

3. పాత నక్షత్రాలు. కొన్ని షీట్లలో స్వాతి, చిత్త, అగస్త్యుడు, శ్రవణం, రోహిణి, ఇలా ఆల్మనాక్‌లోని 57 నక్షత్రాల స్థానాలు ఎప్పుడో ఒక ఏడాది కొట్టి వదిలేశారు. భూమి అక్షం మెల్లగా తిరుగుతుంటుంది కాబట్టి నక్షత్రాల ఎస్‌హెచ్‌ఏ (ఆకాశంలో వాటి తూర్పు-పడమర స్థానం చెప్పే కోణం) ఏటా సుమారు ముప్పావు నిమిషం మారుతుంది. పదేళ్ళనాటి షీట్ అయితే కొలత ఎంత బాగా తీసినా ఏడెనిమిది మైళ్ళు పక్కకి పోవచ్చు. షీట్ పైన "ఇది ఫలానా ఏడాదికే" అని ఒక్క లైను రాసి ఉన్నది నేనింకా చూడలేదు.

4. తేదీ. ఎక్సెల్‌లో తేదీలు లెక్కపెట్టే పద్ధతులు రెండు, ఒకటి 1900 నుంచి, ఇంకోటి 1904 నుంచి. పాత మ్యాక్ కంప్యూటర్లలో చేసిన ఫైళ్ళు రెండో రకం. ఒక ఫైల్లోంచి తేదీలు కాపీ చేసి ఇంకో రకం ఫైల్లో పేస్ట్ చేస్తే 1462 రోజులు జరుగుతాయి, అంటే నాలుగేళ్ళ మీద ఒక రోజు. నాలుగేళ్ళకి సూర్యుడు దాదాపు అదే చోటుకి వస్తాడు కాబట్టి మిగిలేది ఒక్క రోజు తేడా. జూన్ 21, డిసెంబరు 21 దగ్గర డెక్లినేషన్‌లో అది అర నిమిషం కూడా ఉండదు, మార్చి, సెప్టెంబరు విషువత్తుల దగ్గర దాదాపు 24 నిమిషాలు, అంటే 24 మైళ్ళు. ఇక టైమ్ సెల్‌లో గంటలు, నిమిషాలే కొట్టి సెకన్లు వదిలేసే షీట్లు కూడా ఉన్నాయి. టైమ్‌లో నాలుగు సెకన్లంటే రేఖాంశంలో ఒక నిమిషం. అర నిమిషం టైమ్ పోతే రేఖాంశంలో ఏడున్నర నిమిషాలు.

5. ఎత్తు మీటర్లా, అడుగులా? ఓడని నడిపే బ్రిడ్జ్ మీద కన్ను నీటికి 16 మీటర్ల ఎత్తులో ఉంటే డిప్ 7 నిమిషాలు. అదే 16ని అడుగులనుకుంటే 4 నిమిషాల కంటే తక్కువ. సెల్ పక్కన యూనిట్ రాయనందుకు మూడు మైళ్ళు.

ఇందులో ఏదీ గొప్ప పరిశోధన కాదు. కాసేపు కూర్చుని, తెలిసిన జవాబులున్న పది లెక్కలు వేసి చూస్తే దొరికేవే అన్నీ. ఎవరూ కూర్చోలేదు, అంతే.

నాటికల్ ఆల్మనాక్ మొదటిసారి 1767వ సంవత్సరానికి వచ్చింది. దాన్ని నడిపిన ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త మాస్కెలిన్ ప్రతి లెక్కనీ ఇద్దరు మనుషుల చేత విడివిడిగా చేయించి, మూడో మనిషి చేత పోల్చి చూపించేవాడు. ఆ ఇద్దరూ ఒకరిది ఒకరు చూసి రాసుకుంటున్నారని తెలిసినప్పుడు పనిలోంచి తీసేశారు కూడా. కరెంటు లేని రోజుల్లో నావికుడి ప్రాణానికి ఇచ్చిన విలువ అది. అంత దూరం ఎందుకు, మన విశాఖలోనే 1840లో గోడె వెంకట జగ్గారావు గారు డాబా గార్డెన్స్‌లో సొంతంగా ఖగోళ వేధశాల పెట్టి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్రతో ఊరికి సరైన టైమ్ తెలిసే ఏర్పాటు చేశారు. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఏ సర్క్యులరూ రాలేదు. ఆ కొండని చూస్తూ చదువుకున్న పిల్లలకి ఇవాళ మనం ఇస్తున్నది ఎవరూ సరిచూడని ఫైలు.

దీని దెబ్బ ఎవరి మీద పడుతుందో కూడా చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం, తూర్పుగోదావరి పల్లెల నుంచి అప్పు చేసి పిల్లల్ని ఈ కోర్సుల్లో చేర్పిస్తున్నారు. ఆ కుర్రాడు క్లాసులో ఎప్పటిదో పాత ఏడాది ఆల్మనాక్‌తో, లాగ్ టేబుల్స్‌తో లెక్క బట్టీ పడతాడు. ఓడెక్కాక ఫోన్‌లో యాప్, ల్యాప్‌టాప్‌లో షీట్. రెండింటి మధ్య వంతెన ఎవరూ వేయలేదు. ఓరల్స్‌లో, అంటే మౌఖిక పరీక్షలో, "ఈ ఇంటర్‌సెప్ట్ 30 మైళ్ళు వస్తే ఏం అనుమానిస్తావు" అని అడిగితే నోరు పెగలదు, మళ్ళీ నెలల తరబడి ఇంట్లో, మళ్ళీ ఫీజు, వడ్డీ మాత్రం ఆగదు. ఇంక ఓడలో ఇంజిన్ రూమ్‌లో, గ్యాలీలో (ఓడ వంటగదిలో) పనిచేసేవాళ్ళకి, పైనున్న బ్రిడ్జ్‌లో ఏ షీట్ తెరిచి ఉందో తెలియదు, తెలుసుకునే దారీ లేదు. వాళ్ళు మమ్మల్ని నమ్మి పడుకుంటారు. మేం మీ షీట్‌ని నమ్ముతున్నాం.

కాబట్టి మర్యాదగానే, కానీ గట్టిగా అడుగుతున్నాను:

1. మీ సంస్థ పేరుతో తిరుగుతున్న పాత షీట్లన్నీ వెనక్కి తీసుకున్నట్టు నోటీసు పెట్టండి. ఏ వెర్షన్‌లో ఏ తప్పుందో రాయండి. పాత బ్యాచ్‌లకి కూడా పంపండి, ఫైలు వాళ్ళ దగ్గరే ఉంది.

2. పాస్‌వర్డ్ తీసేయండి. క్యాడెట్‌కి ఇచ్చే ఏ షీట్‌లోనైనా ప్రతి ఫార్ములా కనపడాలి. పొరపాటున చెరిపేస్తారని భయమైతే సెల్స్ లాక్ చేయండి, కానీ ఫార్ములాని దాచకండి. ఎవరు చేశారు, ఎప్పుడు, ఏ ఏడాది డేటా, ఎత్తు ఏ యూనిట్‌లో, టైమ్ యూటీనా (గ్రీనిచ్ టైమ్), ఓడ టైమా అన్నీ మొదటి పేజీలో ఉండాలి. ఉత్తరం, దక్షిణం గుర్తుకి వేరే సెల్ పెట్టండి, డిగ్రీల ముందు మైనస్ పెట్టించకండి.

3. సెమిస్టర్‌లో ఒక వారం క్యాడెట్ల చేతే ఖాళీ షీట్ మీద మొదటి నుంచి కట్టించండి. ఫార్ములా నాటికల్ ఆల్మనాక్ వెనక పేజీల్లోనే ఉంది, కాలిక్యులేటర్‌తో చేసే పద్ధతి అంతా వరసగా రాసి ఉంది. తన చేత్తో కట్టినవాడికి ఏ సెల్ ఎందుకు ఉందో తెలుస్తుంది, ఇంకొకరి షీట్‌లో తప్పు పట్టడం కూడా అప్పుడే వస్తుంది.

4. ప్రతి షీట్‌తో పాటు పరీక్ష లెక్కలు జత చేయండి. సులువైనవి వద్దు. డెక్లినేషన్ సున్నా డిగ్రీలకి అటూ ఇటూ, దక్షిణ అక్షాంశం, ఎల్‌హెచ్‌ఏ 360 దాటేది, 180 రేఖాంశానికి రెండు వైపులా, నాలుగు దిక్కుల మూలల్లోనూ ఒక్కో నక్షత్రం, ఫిబ్రవరి 29. ఇవన్నీ పాసైతేనే క్లాసులోకి రానివ్వండి, ఏటా జనవరిలో మళ్ళీ చూడండి.

5. పరీక్షలు పెట్టేవారికి: చేత్తో చేసే లెక్క తీసేయమని నేను అడగడం లేదు, అది ఉండాల్సిందే. దానికి తోడు ఒక్క ప్రశ్న చేర్చండి. తప్పున్న షీట్ ప్రింటవుట్ ఇచ్చి, తప్పెక్కడుందో పట్టుకోమనండి. ఓడలో రేపు వాళ్ళు చేయాల్సిన పని అదే. పరీక్షలో లేనిది ఏ కోచింగ్ సెంటరూ నేర్పదని మీకూ తెలుసు.

6. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ఏటా ఇండియన్ ఆస్ట్రనామికల్ ఎఫిమెరిస్ (సూర్యుడు, గ్రహాల స్థానాల పట్టికల పుస్తకం) వేస్తోంది, రాష్ట్రీయ పంచాంగం వేస్తోంది. ఆ నైపుణ్యం మన దేశంలో దశాబ్దాలుగా ఉంది. షిప్పింగ్ అధికారులు వాళ్ళతో కూర్చుని, సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు, నక్షత్రాల గంటగంట స్థానాలు నేరుగా షీట్‌లోకి ఎక్కించుకునే ఫైలుగా, ఉచితంగా విడుదల చేయించాలి. దానికి సరిచూసిన ఒక షీట్ కూడా జోడిస్తే నావ్‌ప్యాక్ లాంటిది మనకీ ఉంటుంది. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినదాని కోసం పిల్లలు వెతుక్కోరు.

7. తప్పు కనపడితే చెప్పడానికి ఒక ఈమెయిల్, ఇన్ని రోజుల్లో జవాబిస్తాం అనే మాట. ఇది అడగాల్సి రావడమే కష్టంగా ఉంది.

మొదటి నాలుగింటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. ఎక్సెల్ కొనలేని కుర్రాళ్ళకి లిబర్ఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది, అందులోనూ ఇవన్నీ పనిచేస్తాయి. సరిచూసుకోవడానికి సూర్యుడు, గ్రహాల స్థానాలు లెక్కగట్టిచ్చే నాసా జేపీఎల్ వాళ్ళ హొరైజన్స్ ఇంటర్నెట్‌లో తెరిచే ఉంది, పైథాన్ వచ్చినవాళ్ళకి అలాంటి లెక్కలే చేసే స్కైఫీల్డ్ ఉంది. మీ దగ్గర సముద్రంలో ఏళ్ళు గడిపిన కెప్టెన్లున్నారు, కంప్యూటర్ లాబ్ ఉంది. ఇద్దర్నీ ఒక మధ్యాహ్నం ఒకచోట కూర్చోబెట్టండి.

నాలుగో అంశంలో చెప్పిన పరీక్ష లెక్కలు జవాబులతో సహా నా దగ్గర తయారుగా ఉన్నాయి, ఏ సంస్థ అడిగినా పంపిస్తాను, నా పేరు వేయక్కర్లేదు. తోటి ఆఫీసర్లకి కూడా ఒక మనవి: మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న షీట్ తెరిచి, అన్నిటికంటే ముందు దక్షిణం 0 డిగ్రీల 17 నిమిషాలు కొట్టి చూడండి. తప్పొస్తే ఆ ఫైలు మీకు ఇచ్చినవాళ్ళకి, మీరు ఇచ్చినవాళ్ళకి ఇవాళే చెప్పండి. శిక్షణ సంస్థల నుంచి మాత్రం వచ్చే సెప్టెంబరు విషువత్తు లోపు రాతపూర్వకంగా జవాబు కావాలి: షీట్ వెనక్కి తీసుకున్నారా లేదా, కొత్తది ఎప్పుడిస్తారు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక డెక్ ఆఫీసర్